ప్లే స్టోర్ తిప్పికొట్టిన యాప్‌ను నేరుగా అమ్మడం ఎలా?

గుంటూరు, బెజవాడల్లో ఒక్కరో ఇద్దరో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది: "ప్లే స్టోర్ మూడోసారి కూడా వెనక్కి పంపింది. మిర్చి యార్డులో పాతిక కొట్లవాళ్లు యాప్ ఇమ్మంటున్నారు. యాప్ ఫైలు (ఏపీకే) వాట్సాప్‌లో పంపేసి, డబ్బు ఫోన్‌పేలో తీసుకోవచ్చా?"

నేరుగా అమ్మొచ్చు. ఆండ్రాయిడ్, విండోస్ సాఫ్ట్‌వేర్ అమ్మడానికి స్టోర్ తప్పనిసరి కాదు. వాట్సాప్‌లో ఏపీకే పంపడం మాత్రం వద్దు. పెళ్లి శుభలేఖ అనీ, ఆర్టీవో చలాన్ అనీ వచ్చిన ఏపీకేలు నొక్కి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసుకున్నవాళ్లున్నారు. తెలియని ఏపీకే తెరవొద్దని పోలీసులు చెబుతూనే ఉన్నారు. మీ యాప్ ఎంత మంచిదైనా అదే దారిలో వస్తే అదే అనుమానం పడుతుంది. పైగా వాట్సాప్‌లో వచ్చింది నొక్కేయొచ్చనే అలవాటు మీ కస్టమర్‌కు మీరే నేర్పినవారవుతారు. రేపు మీ పేరుతో దొంగ ఫైలు వస్తే ఆయన దాన్నీ నొక్కుతాడు.

కింద చెప్పేదంతా ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. కమీషన్ కొట్టుకు టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా తూకం, తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ), రైతు ఖాతా చూసే యాప్ అనుకోండి. యజమాని చేతిలో ఆండ్రాయిడ్ ఫోను, గుమాస్తా ముందు విండోస్ కంప్యూటర్, పక్కన చిన్న థర్మల్ ప్రింటర్. మీది వస్త్రలతలో బట్టల కొట్టు బిల్లింగైనా, ఆటోనగర్ షెడ్డులో లారీ రిపేరు లెక్కలైనా మెట్లు ఇవే.

కావలసినవి

- మీ సొంత డొమైన్. డాట్ ఇన్ పేరు సాధారణంగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఉచితం.
- ఆ డొమైన్ మీదే ఒక ఈమెయిల్. ఉచిత మెయిల్ చిరునామా బిల్లు మీద నమ్మకం కలిగించదు.
- పాన్, బ్యాంకు ఖాతా (కరెంటు ఖాతా అయితే మేలు), పేమెంట్ గేట్‌వే ఖాతా.
- రెండు పెన్‌డ్రైవులు. వీటిలో కీస్టోర్ (యాప్ మీద మీ డిజిటల్ సంతకం వేసే కీ ఉండే ఫైలు) తప్ప ఇంకేదీ పెట్టకండి.
- పరీక్షకు కనీసం మూడు ఫోన్లు: ఒక శాంసంగ్, ఒక షియోమీ, ఒక నాలుగైదేళ్ల పాత ఫోను.
- మీ డెవలపర్ సామాను ఏదీ ఎక్కించని ఒక విండోస్ కంప్యూటర్. అరువు తెచ్చుకున్నా సరే.

1. ముందు తిరస్కరణ ఉత్తరం చదవండి

ఆ మెయిల్‌లో పాలసీ పేరు ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండా వెర్షన్ నంబరు మార్చి మళ్లీ పంపుతారు, మళ్లీ తిరస్కరణ తెచ్చుకుంటారు. కారణాన్ని బట్టి దారి మారుతుంది.

పర్మిషన్ గొడవైతే యాప్‌ను మార్చండి. స్టోర్ బయట అమ్ముతున్నాం కదా అని వదిలేయకండి. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఎస్‌ఎంఎస్ పర్మిషన్. కొట్టు ఖాతాలో డబ్బు పడిందో లేదో బ్యాంకు మెసేజ్ చదివి యాపే కలుపుకోవాలని అడుగుతారు. గూగుల్ 2019 నుంచి ఎస్‌ఎంఎస్, కాల్ లాగ్ పర్మిషన్లను కొద్ది రకాల యాప్‌లకే పరిమితం చేసింది. స్టోర్ బయటికి వెళ్లినా తప్పించుకోలేరు. 2024 చివర్లో మన దేశంలో మొదలుపెట్టిన ప్లే ప్రొటెక్ట్ రక్షణ, బ్రౌజర్ నుంచో మెసేజింగ్ యాప్ నుంచో దిగిన ఏపీకే ఎస్‌ఎంఎస్ చదవడం, నోటిఫికేషన్లు చదవడం, యాక్సెసబిలిటీ (ఇతర యాప్‌ల తెరను చదివి నొక్కగలిగే అనుమతి) లాంటివి అడిగితే ఇన్‌స్టాల్‌నే ఆపేస్తుంది. ఆ పర్మిషన్ తీసేసి, గుమాస్తా 12 అంకెల యూపీఐ రిఫరెన్సు నంబరు టైపు చేసేలా ఒక గడి పెట్టండి. బ్యాకప్ కోసం మొత్తం ఫైళ్ల పర్మిషన్ అడుగుతుంటే అదీ తీసేసి, ఫోల్డర్ ఎంచుకునే ఆండ్రాయిడ్ పికర్ వాడండి. ఇలా మార్చాక చాలా యాప్‌లు స్టోర్‌లోనే పాసవుతాయి. పాసైతే రెండు దారులూ తెరిచి ఉంచుకోండి.

కొత్త వ్యక్తిగత ఖాతా కావడం వల్లే ఆగిందా? 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్‌లో (ఎంచుకున్నవాళ్లకే యాప్ ఇచ్చి చూసే పరీక్షలో) ఉండాలి. ఇది తిరస్కరణ కాదు, పూర్తి చేయాల్సిన పని. యార్డులో యాప్ అడిగిన ఆ పాతికమందినే టెస్టర్లుగా చేర్చుకోండి.

ఖాతానే మూసేశారా? ప్లే స్టోర్‌లోకి తిరిగి రావడానికి అప్పీలు ఒక్కటే దారి. తమ్ముడి పేరుతోనో స్నేహితుడి పేరుతోనో ఇంకో ఖాతా తెరవకండి. సంబంధం ఉన్న ఖాతా అని గుర్తిస్తే అదీ పోతుంది, అతని సొంత యాప్‌లూ పోతాయి.

2. ఏ దారి పనికొస్తుందో తేల్చుకోండి

ఆండ్రాయిడ్‌కు మీ వెబ్‌సైట్ నుంచి ఏపీకే ఇవ్వొచ్చు. దానితోపాటు 2024 ఫిబ్రవరిలో ఫోన్‌పే తెచ్చిన ఇండస్ యాప్‌స్టోర్‌లోనూ పెట్టండి. అక్కడ తెలుగులోనూ యాప్ వివరాలు ఇవ్వొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లకు అమెజాన్ యాప్‌స్టోర్ 2025 ఆగస్టు 20న మూతపడింది. పాత వ్యాసాలు చూసి దాని మీద సమయం పెట్టకండి.

ఐఫోన్‌కు మన దేశంలో పక్కదారి లేదు. యాపిల్ యూరోపియన్ యూనియన్‌లో ఇచ్చిన వెసులుబాటు ఇక్కడ వర్తించదు. యాపిల్ పరీక్షల వేదిక టెస్ట్‌ఫ్లైట్‌లో పెట్టిన బిల్డు 90 రోజులకు గడువు తీరిపోతుంది, అది అమ్మకానికి కాదు. ఎంటర్‌ప్రైజ్ సర్టిఫికెట్ సొంత ఉద్యోగులకే. బయటివాళ్లకు ఇస్తే యాపిల్ రద్దు చేస్తుంది, ఆ రోజే అందరి ఫోన్లలో యాప్ ఆగిపోతుంది. కొద్దిమంది వాడే యాప్ అయితే అన్‌లిస్టెడ్ యాప్‌గా అడగండి. రివ్యూ ఉంటుంది గానీ వెతుకులాటలో కనబడదు, లింకు ఉన్నవాళ్లకే దొరుకుతుంది.

బ్రౌజర్‌లో నడిచే యాప్ అన్నిటికంటే తేలిక. ఐఓఎస్ 16.4 నుంచి హోమ్ స్క్రీన్‌కు చేర్చిన వెబ్ యాప్‌కు నోటిఫికేషన్లు కూడా వస్తాయి. ప్రింటర్ దగ్గర జాగ్రత్త. క్రోమ్‌లో వెబ్ బ్లూటూత్ తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం బ్లూటూత్‌తోనే మాట్లాడుతుంది. కొట్లలో ఉండే చౌక 58 మిల్లీమీటర్ల ప్రింటర్లలో చాలావరకు పాత రకం బ్లూటూత్‌వి. ఐఫోన్ సఫారీలో వెబ్ బ్లూటూత్ అసలే లేదు. కస్టమర్ ప్రింటర్ మోడల్ చూడకుండా మాటివ్వకండి.

3. కీస్టోర్: ఇది పోతే వ్యాపారం పోయినట్టే

మీరు సంతకం చేసే కీ మారితే పాత యాప్ మీద కొత్త వెర్షన్ ఎక్కదు. "యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్" అని ఆగిపోతుంది. పాతది తీసేసి ఎక్కించాలి. తీసేస్తే ఫోన్లో ఉన్న రైతు ఖాతాలన్నీ చెరిగిపోతాయి. సీజన్‌లో ఇలా జరిగితే మీ ముఖం మళ్లీ చూడరు.

కీ కనీసం 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ, చెల్లుబాటు 25 ఏళ్లకు తగ్గకుండా చేయండి. 10,000 రోజులు పెడితే 27 ఏళ్లు దాటుతుంది. కీస్టోర్ ఫైలును రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టి ఒకటి ఇంట్లో, ఇంకోటి వేరే ఊళ్లో అమ్మానాన్నల దగ్గరో అత్తగారింట్లోనో ఉంచండి. పాస్‌వర్డు కాగితం మీద రాసి విడిగా దాచండి. ప్రాజెక్టు కోడ్ ఫోల్డర్‌లో కీస్టోర్ వదిలేసి గిట్‌హబ్‌కు ఎక్కించేయడం తరచూ జరిగే పొరపాటు.

ప్లే స్టోర్‌లోనూ పెట్టాలనుకుంటే ఇంకో చిక్కుంది. అక్కడ సైనింగ్ కీని గూగులే తయారుచేస్తే, మీరు విడిగా ఇచ్చే ఏపీకే సంతకం దానితో కలవదు. యాప్ మొదటిసారి పెట్టేటప్పుడే మీ సొంత కీ అప్‌లోడ్ చేసే ఎంపిక తీసుకోండి. ఆ అవకాశం దాటిపోయి ఉంటే, ప్లే కన్సోల్‌లోని యాప్ బండిల్ ఎక్స్‌ప్లోరర్ నుంచి గూగుల్ సంతకం చేసిన యూనివర్సల్ ఏపీకే దించుకుని అదే మీ సైట్‌లో పెట్టండి.

బిల్డు చేసేటప్పుడు:

- డీబగ్ ఏపీకే ఇవ్వకండి. ఆండ్రాయిడ్ స్టూడియోలో రన్ నొక్కితే వచ్చే ఫైలుకు టెస్ట్ ఓన్లీ గుర్తు పడొచ్చు, అది కస్టమర్ ఫోన్లో ఎక్కదు.
- ప్లే స్టోర్ కోరేది ఏఏబీ (యాప్ బండిల్ ఫైలు). నేరుగా ఇవ్వాల్సింది ఏపీకే. ఏఏబీ ఫోన్లో తెరుచుకోదు.
- వెర్షన్ కోడ్ ప్రతి విడుదలకూ పెరగాలి. కనబడే 2.1, 2.2 పేర్లు మార్చి కోడ్ పెంచడం మరచిపోతుంటారు.
- టార్గెట్ ఎస్‌డీకే (యాప్‌ను ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ కోసం రాశారో చెప్పే నంబరు) మరీ పాతదైతే కొత్త ఫోన్లే ఒప్పుకోవు. ఆండ్రాయిడ్ 15లో 24 కంటే తక్కువ టార్గెట్ ఉన్న యాప్ ఎక్కదు.
- ప్యాకేజీ పేరు మీ డొమైన్ తిరగేసినదే పెట్టండి. ఈ పేరు ఇక మార్చలేరు.

స్టోర్ బయట ఇచ్చే యాప్‌లకూ డెవలపర్ గుర్తింపు నమోదు తెస్తామని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు విస్తరిస్తామంది. మీ పేరు, చిరునామా, ప్యాకేజీ పేర్లు, కీల వివరాలు ఇవ్వాల్సి ఉంటుంది. ఇవాళే ఒకే కీ, ఒకే ప్యాకేజీ పేరుతో పద్ధతిగా ఉంటే అప్పుడు ఇబ్బంది ఉండదు.

4. విండోస్ ఇన్‌స్టాలర్

సంతకం లేని ఎక్స్‌ఈ (విండోస్ ప్రోగ్రాము ఫైలు) దించుకుంటే విండోస్ రక్షణ స్మార్ట్‌స్క్రీన్ నీలం పెట్టె అడ్డం వస్తుంది. "మోర్ ఇన్ఫో" నొక్కి "రన్ ఎనీవే" అంటే నడుస్తుంది గానీ చాలామంది ఆ పెట్టె చూసి భయపడి మూసేస్తారు. పాతిక కొట్లలో మీరే వెళ్లి ఎక్కించేటట్టయితే సంతకం లేకుండానే మొదలుపెట్టొచ్చు. ముక్కూముఖం తెలియనివాళ్లు సైట్ నుంచి దించుకునే దశకు వస్తే కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ కొనండి.

జీఎస్టీ రిటర్నులు వేసే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ దీనికి పనికిరాదు. అది పత్రాల మీద సంతకానికి, ఇది ప్రోగ్రాము మీద సంతకానికి. 2023 జూన్ నుంచి కోడ్ సైనింగ్ కీ కూడా హార్డ్‌వేర్ టోకెన్‌లోనో క్లౌడ్ హెచ్‌ఎస్‌ఎంలోనో (కీని భద్రపరిచే ప్రత్యేక పరికరంలోనో) ఉండాలి. 2026 మార్చి 1 నుంచి ఒక సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 460 రోజులే. "మూడేళ్లది చౌక" అన్న పాత లెక్కలు నమ్మొద్దు. మరింత కఠినంగా తనిఖీ చేసి ఇచ్చే ఖరీదైన ఈవీ సర్టిఫికెట్ కొంటే నీలం పెట్టె వెంటనే పోతుందన్న మాట కూడా 2024 నుంచి చెల్లదు.

సంతకం చేసేటప్పుడు టైమ్‌స్టాంప్ తప్పక వేయండి. లేకపోతే సర్టిఫికెట్ గడువు ముగిసిన మర్నాడే పాత ఇన్‌స్టాలర్ చెల్లనిదవుతుంది. పైథాన్‌లో రాసి పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఫైలుగా కట్టినవాటిని యాంటీవైరస్‌లు తరచూ అనుమానిస్తాయి. ఫోల్డర్‌గా కట్టి, ఇన్నో సెటప్‌తో ప్యాక్ చేస్తే ఆ బెడద బాగా తగ్గుతుంది.

5. డౌన్‌లోడ్ పేజీ

ఒకే పేజీ చాలు, తెలుగులో. పైన యాప్ పేరు, కింద పెద్ద బటన్, దాని పక్కన వెర్షన్ నంబరు, విడుదల తేదీ, ఫైలు సైజు, ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైలు మారలేదని సరిచూసుకునే వేలిముద్ర లాంటి అక్షరాల వరుస). ఆ కింద మీ పేరు, గుంటూరో విజయవాడో మీ పూర్తి చిరునామా, పనివేళల్లో ఎత్తే ఫోను నంబరు.

సర్వర్‌లో ఏపీకేకు సరైన మైమ్ టైప్ (ఇది ఏ రకం ఫైలో బ్రౌజర్‌కు చెప్పే గుర్తు) పెట్టకపోతే కొన్ని ఫోన్లలో ఫైలు జిప్‌గా దిగుతుంది, నొక్కినా తెరుచుకోదు. పేజీ పెట్టిన వెంటనే శాంసంగ్ ఇంటర్నెట్ బ్రౌజర్‌లోనూ క్రోమ్‌లోనూ దించి చూడండి. ఏపీకే, ఎక్స్‌ఈలను జీమెయిల్ అటాచ్‌మెంటుగా పంపనివ్వదు. జిప్ చేసి దాటించే ప్రయత్నం మానేసి లింకే పంపండి.

6. డబ్బు తీసుకోవడం

రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ లాంటి గేట్‌వేలో పేమెంట్ లింకు చేసుకోండి. కేవైసీ ఆగిపోయేది ఎక్కువగా సైట్ వల్లే. నిబంధనలు, ప్రైవసీ, రీఫండ్, సంప్రదించే వివరాలు, ఈ నాలుగు పేజీలూ ఉండాలి, ధర రూపాయల్లో కనబడాలి. 3,000 రూపాయల లైసెన్సుకు గేట్‌వే రుసుము 2 శాతం అనుకుంటే 60, దాని మీద 18 శాతం జీఎస్టీ 10.80. మీ చేతికి 2,929.20 వస్తుంది.

కస్టమర్ చూపే "పేమెంట్ సక్సెస్" స్క్రీన్‌షాట్ చూసి లైసెన్సు ఇవ్వకండి. అలాంటి బొమ్మలు తయారుచేసే నకిలీ యాప్‌లున్నాయి. గేట్‌వే పంపే వెబ్‌హుక్ (డబ్బు పడిందని మీ సర్వర్‌కు నేరుగా వచ్చే సందేశం) సంతకం సరిచూసి, మొత్తం సరిపోయిందో లేదో చూసి, అప్పుడే కీ విడుదల కావాలి. బ్రౌజర్ తిరిగి మీ "థాంక్యూ" పేజీకి వచ్చిందని కీ ఇచ్చేస్తే, ఆ పేజీ అడ్రసు ఒకరి నుంచి ఒకరికి చేరిపోతుంది.

ఏడాది చందా అయితే యూపీఐ ఆటోపే పెట్టొచ్చు. 15,000 రూపాయల వరకు ప్రతిసారీ యూపీఐ పిన్ అడగదు. యార్డువాళ్లకు మాత్రం సీజన్‌కోసారి తీసుకునే ఏకమొత్తమే నప్పుతుంది.

జీఎస్టీ: సేవల టర్నోవరు ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. సాఫ్ట్‌వేర్ లైసెన్సు మీద పన్ను 18 శాతం. రిజిస్టరై ఉండి, 3,000 పన్నుతో కలిపిన ధర అయితే అసలు 2,542.37, పన్ను 457.63. కొట్టు జీఎస్టీ నంబరు బిల్లు మీద వేయండి. ఆంధ్రప్రదేశ్ కొట్టయితే అది 37తో మొదలవుతుంది. విదేశీ కస్టమర్లు వస్తే ప్యాడిల్ లాంటి మర్చెంట్ ఆఫ్ రికార్డ్ సంస్థ ద్వారా అమ్మండి. అక్కడి పన్నులు వాళ్లే కడతారు. మిగతావి మీ ఆడిటర్‌ను అడగండి.

7. లైసెన్సు కీ

రెండు ముక్కలుగా చేయండి. కస్టమర్ టైపు చేసేది చిన్న యాక్టివేషన్ కోడ్, ఐదేసి అక్షరాల మూడు గుంపులు. ఫోనులో చదివి చెబుతారు కాబట్టి సున్నా, ఓ, ఒకటి, ఐ వాడకండి. యాప్ ఆ కోడ్‌ను ఒక్కసారి మీ సర్వర్‌కు పంపి, మీ ప్రైవేట్ కీతో సంతకమైన లైసెన్సు ఫైలు తెచ్చుకుంటుంది. అందులో కొట్టు పేరు, ఎన్ని పరికరాలు, గడువు ఉంటాయి. ఆ తర్వాత నెట్ లేకపోయినా యాప్ తనలోని పబ్లిక్ కీతో సరిచూసుకుంటుంది. సంతకాన్నే టైపు చేయించాలని చూడకండి. 64 బైట్ల సంతకం వందకు పైగా అక్షరాలవుతుంది.

పరికరం గుర్తుగా ఆండ్రాయిడ్ ఐడీ వాడుతుంటే ఒకటి గమనించండి. ఆండ్రాయిడ్ 8 నుంచి అది మీ సైనింగ్ కీని బట్టి కూడా మారుతుంది. కీ మార్చారంటే అందరి లైసెన్సులూ ఒకేసారి చెడతాయి. ఫోను ఫ్యాక్టరీ రీసెట్ చేసినా ఐడీ మారుతుంది. ఏడాదికి రెండుసార్లు మిమ్మల్ని అడగకుండానే పరికరం మార్చుకునే వీలు ఇవ్వండి.

గడువు తీరితే కొత్త తక్‌పట్టీ ఆపండి. పాత లెక్కలు చూసుకోవడం, ఎక్సెల్‌లోకి తీసుకోవడం ఎప్పటికీ ఆపకండి. ఆ లెక్కలు రైతువీ కొట్టువీ, మీవి కావు.

8. కొట్లో ఎక్కించేటప్పుడు

ఇక్కడ తొందరపడితే మొత్తం చెడుతుంది. యజమాని ఫోను ఆయన చేతిలోనే ఉంచి, మీరు పక్కన నిలబడి చెప్పండి.

క్రోమ్ తెరిచి మీ డొమైన్ పేరు ఆయనతోనే టైపు చేయించండి. బటన్ నొక్కగానే "ఈ ఫైలు హానికరం కావచ్చు" అని వస్తుంది. అది ప్రతి ఏపీకేకూ వచ్చేదేనని చెప్పండి. తర్వాత క్రోమ్‌కు తెలియని యాప్‌లు ఎక్కించే అనుమతి అడుగుతుంది, ఆన్ చేయించండి. షియోమీ ఫోన్లలో కొన్ని సెకన్ల కౌంట్‌డౌన్ ఉంటుంది, అది అయ్యేదాకా బటన్ పనిచేయదు. కొత్త శాంసంగ్ ఫోన్లలో ఆటో బ్లాకర్ ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాలే జరగదు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అండ్ ప్రైవసీలో దాన్ని ఆపాలి. ప్లే ప్రొటెక్ట్ స్కాన్ చేస్తానంటే "స్కాన్ యాప్" నొక్కించండి.

యాప్ తెరుచుకున్నాక క్రోమ్ అనుమతి ఆఫ్ చేయించండి, ఆటో బ్లాకర్ మళ్లీ ఆన్ చేయించండి. చాలామంది వదిలేసేది ఇదే. ప్లే ప్రొటెక్ట్‌ను మాత్రం ఏ పరిస్థితిలోనూ ఆపించకండి. అది మీ యాప్‌ను తప్పుగా ఆపుతుంటే గూగుల్‌కు అప్పీలు పెట్టే ఫారం ఉంది, దాంట్లో రాయండి.

వెళ్లేముందు ఒక మాట చెప్పండి: "మా యాప్ ఈ అడ్రసులోనే దొరుకుతుంది. మా పేరుతో వాట్సాప్‌లో ఫైలు వస్తే తెరవొద్దు, మాకు ఫోను చేయండి. పొరపాటున తెరిచి డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి." అదే మాట కార్డు మీద అచ్చువేసి గల్లాపెట్టె దగ్గర అంటించండి.

9. అప్‌డేట్లు

మీ సైట్‌లో తాజా వెర్షన్ నంబరు చెప్పే చిన్న ఫైలు పెట్టండి. యాప్ రోజుకోసారి చూసి "కొత్త వెర్షన్ ఉంది" అని చూపి, నొక్కితే డౌన్‌లోడ్ పేజీకి తీసుకెళితే చాలు. ముందు ఇద్దరు ముగ్గురికి ఇచ్చి, యార్డు నడిచే రోజులు రెండు గడిచాక మిగతావాళ్లకు వదలండి. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ సరుకు పోటెత్తే రోజులు. అప్పుడు తప్పులు సరిదిద్దే అప్‌డేట్లు తప్ప కొత్త ఫీచర్లు వద్దు. డేటాబేస్ ఆకారం మార్చే వెర్షన్లు యార్డు వేసవి సెలవులకు వాయిదా వేయండి.

సరిచూసుకోండి

అమ్మకం మొదలుపెట్టేముందు ఒక రోజు కేటాయించి ఈ పనులన్నీ బయటి మనిషితో చేయించండి. మీరు నోరు మెదపకండి.

- సైట్ నుంచి దించిన ఏపీకే ఎస్‌హెచ్‌ఏ-256, పేజీలో రాసిన దానితో అక్షరం అక్షరం కలవాలి. కలవకపోతే పాత ఫైలు క్యాష్‌లో ఉండిపోయినట్టు.
- పాత వెర్షన్‌లో పది తక్‌పట్టీలు వేసి, దాని మీద కొత్తది ఎక్కించండి. పదీ ఉండాలి.
- నిజంగా పది రూపాయల లైసెన్సు కొనండి. డబ్బు కట్టగానే బ్రౌజర్ మూసేయండి. అయినా కీ రావాలి.
- ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి యాప్ తెరవండి, తేదీ వచ్చే ఏడాదికి మార్చి మళ్లీ తెరవండి. మొదటిసారి పనిచేయాలి, రెండోసారి గడువు మాట చెప్పి పాత లెక్కలు చూపాలి.
- పెన్‌డ్రైవులోని కీస్టోర్‌ను వేరే కంప్యూటర్‌లో పెట్టి, కాగితం మీది పాస్‌వర్డుతో బిల్డు చేయండి. ఆ ఏపీకే కస్టమర్ ఫోన్లో ఉన్న దాని మీద ఎక్కితేనే మీ బ్యాకప్ పనిచేస్తున్నట్టు.